తేనెకు నీళ్ళు పోసిన రోజు



చిన్నప్పుడు మా ఇంట్లో ఆవకాయ జాడీకీ తేనె సీసాకీ ఒకటే నియమం. తడి చెయ్యి తగలకూడదు. తడి గరిటె దూరకూడదు. మంచినీళ్ళు తాగి చెయ్యి తుడుచుకోకుండా అలమర వైపు వెళితే చాలు, మా అమ్మమ్మ వంటింట్లోంచే కేక వేసేది. "తేనెలో నీటి చుక్క పడితే పులిసిపోతుంది, జాగ్రత్త!" అనేది. అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజమని నాకు చాలా ఏళ్ళ తర్వాత, చాలా దూరంలో తెలిసింది.

ఇథియోపియాలో బహిర్ దార్ అనే ఊరుంది. టానా సరస్సు ఒడ్డున, నీలి నైలు నది బయలుదేరే చోట ఉంటుంది. అక్కడ మా ఇంటి యజమానురాలు ఒకరోజు పొద్దున్నే కుండలో తేనె వంపి, నా కళ్ళ ముందే ఒకటికి నాలుగు పాళ్ళ చొప్పున నీళ్ళు పోసింది. నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మమ్మ వద్దన్న పనే ఆ ఇంట్లో పండగ పని. ఆ కుండలో తయారయ్యే దాన్ని వాళ్ళు తెజ్ అంటారు. తేనెను నీళ్ళలో కలిపి పులియబెట్టి చేసే పానీయం అది. ఇంగ్లీషులో దీన్నే మీడ్ అంటారు. మొదటిసారి ఇంట్లో మీడ్ చేసుకునేవాళ్ళు ఏం తెలుసుకోవాలి, ఎక్కడ తప్పటడుగు పడుతుంది అన్నది ఈ రోజు మీతో పంచుకుంటాను.

ఇథియోపియాకు భారతీయ ఉపాధ్యాయులు వెళ్ళడం కొత్తేమీ కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మనవాళ్ళు అక్కడి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత అక్కడ విశ్వవిద్యాలయాలు పెరిగాక తెలుగు అధ్యాపకులు కూడా వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఇంటావిడను నేను 'ఎమామ' అని పిలిచేవాణ్ణి. పెద్దావిడను అక్కడ ప్రేమగా, గౌరవంగా అలా పిలుస్తారు. ఆవిడ నన్ను 'లిజే' అనేది. అంటే నా బిడ్డా అని.

ఆఫ్రికా ఖండంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ తేనె తీసేది ఇథియోపియాయే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. వానలు తగ్గగానే కొండలన్నీ 'అదే అబెబా' అనే పసుప్పచ్చని పూలతో నిండిపోతాయి. వాళ్ళ కొత్త సంవత్సరం మామూలుగా సెప్టెంబరు 11న వస్తుంది, మెస్కెల్ పండగ 27న. ఆ పూల మీద తేనెటీగలు వాలి, అక్టోబరు, నవంబరు నెలల్లో పట్టులు నిండుతాయి. అప్పుడు సంతలోకి కొత్త తేనె దిగుతుంది. మైనం, తుట్టె ముక్కలు అన్నీ కలిసి చిక్కగా, బంగారు రంగులో ఉంటుంది. తెజ్‌కు ఎమామ ఎంచుకునేది ఆ తేనెనే. వడకట్టి మెరుగుపెట్టిన తేనె ఆవిడకు నచ్చేది కాదు.

ఆవిడ పని తేనెతో మొదలయ్యేది కాదు, కుండతో మొదలయ్యేది. ముందు గ్రావా అనే చేదు ఆకుతో కుండ లోపల గరగరా తోమేది. కడిగి, ఎండబెట్టి, ఆ తర్వాత అడవి ఆలివ్ కర్ర ముక్కలను నిప్పుల మీద వేసి, ఆ పొగ మీద కుండను బోర్లించేది. కుండ లోపలంతా పొగ పట్టేదాకా కదిలించేది కాదు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. తనకు నచ్చకపోతే మళ్ళీ మొదటినుంచీ. ఒకసారి మధ్యాహ్నం దాకా కుండతోనే సరిపోయింది.

తర్వాత తేనె, నీళ్ళు చేత్తో కలిపి, గుడ్డ కట్టి పక్కన పెట్టేది. రెండు మూడు రోజులకు మైనం పైకి తేలేది, దాన్ని తీసేసేది. ఆ తేనె నీళ్ళలో కొంత వేరే గిన్నెలోకి తీసి, గెషో అనే చెట్టు పుల్లలు వేసి మరగబెట్టి, చల్లారాక మళ్ళీ కుండలో పోసేది. గెషో మన రేగు చెట్టు కుటుంబానిదే. దాని చేదు తేనె తీపిని అదుపులో పెడుతుంది. అక్కడినుంచి రోజూ ఒకసారి కలపడం, మూయడం. వేడి ప్రాంతంలో అయితే మరో ఐదారు రోజుల్లో తెజ్ సిద్ధమవుతుంది. బహిర్ దార్ సముద్ర మట్టానికి 1800 మీటర్ల ఎత్తున ఉంటుంది, రాత్రిళ్ళు చలి. అందుకని మాకు ఇరవై రోజుల దాకా పట్టేది. చివరికి గుడ్డలో వడకట్టి, బెరెలె అనే సీసాల్లో పోసేవాళ్ళు. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ ఉండే గాజు సీసా అది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఫ్లాస్కును చూసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

నాలుగో రోజో ఐదో రోజో ఎమామ నన్ను పిలిచి కుండకు చెవి ఆనించమంది. ఆనించాను. ఎండుటాకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. లోపల లక్షల బుడగలు పుట్టి పగులుతున్నాయి. మూడు రోజుల కిందట కదలకుండా ఉన్న తేనె అది. ఇప్పుడు ఊపిరి తీస్తున్న ప్రాణిలా ఉంది.

ఈ సంగతిని కాస్త వివరంగా చెప్పుకోవాలి. తేనె ఎందుకు చెడదు? అందులో నూటికి ఎనభై పాళ్ళు చక్కెరలే. నీరు పదిహేడు, పద్దెనిమిది పాళ్ళే. ఏ సూక్ష్మజీవి అందులో పడ్డా, దాని ఒంట్లో నీటినే ఆ చక్కెర పీల్చేస్తుంది. ఆవకాయలో ఉప్పు చేసే పని తేనెలో చక్కెర చేస్తుంది. నీళ్ళు కలిపితే ఆ కాపలా తొలగిపోతుంది. అప్పటిదాకా నిద్రపోతున్న ఈస్టు కణాలు లేచి చక్కెరను తినడం మొదలుపెడతాయి. చక్కెర తిని ఆల్కహాలునీ బొగ్గుపులుసు వాయువునీ వదులుతాయి. దోసె పిండి పొంగడానికీ, తెల్లారగట్ల తియ్యగా ఉన్న కల్లు పొద్దెక్కేసరికి పులుపెక్కడానికీ వెనక ఉన్నది ఇలాంటి సూక్ష్మజీవుల పనే. ఇది బతికున్న కణాలు చేసే పని అని 1850ల చివర్లో లూయీ పాశ్చర్ ప్రయోగాలతో చూపించాడు. మా అమ్మమ్మకు పాశ్చర్ పేరు తెలియదు. ఆవిడ హెచ్చరిక మాత్రం శాస్త్రమే.

మనిషికి ఈ పానీయం ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. చైనాలోని జియాహు అనే చోట తవ్వకాల్లో దొరికిన కుండ పెంకుల్లో బియ్యం, తేనె, పళ్ళు కలిపి పులియబెట్టిన పానీయం ఆనవాళ్ళు కనిపించాయి. వాటి వయసు దాదాపు 9000 ఏళ్ళు. మన మాటల్లోనూ ఆ జాడ ఉంది. సంస్కృతంలో మధువు అంటే తేనె, మధువు అంటే మద్యం. ఇంగ్లీషు మీడ్, రష్యన్ మ్యోద్, సంస్కృత మధు, ఈ మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మనం రోజూ అనే మధురం, మధుమేహం ఆ ఇంటి పిల్లలే.

ఇక చేసే పద్ధతికి వచ్చే ముందు చట్టం మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. సొంతానికే కదా, ఒక సీసాయే కదా అనుకోవడానికి వీల్లేదు. మహారాష్ట్రలో మీడ్ చేసే సంస్థలు లైసెన్సుతోనే నడుస్తున్నాయి. కాబట్టి ఇక్కడి శ్రోతలు దీన్ని తెలుసుకోవడానికి వినండి, చేయడానికి కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంగతి వేరు. అక్కడి ఫెడరల్ చట్టం ఒక వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200 గ్యాలన్ల వైన్ సొంత వాడకానికి చేసుకోనిస్తుంది. మీడ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అమ్మడం మాత్రం కుదరదు. మీరుండే రాష్ట్రం నియమాలు కూడా చూసుకోండి. ఎక్కడున్నా ఒక్క హద్దు దాటకండి. పులియబెట్టినదాన్ని పొయ్యి మీద పెట్టి బట్టీ దించడం ఇంట్లో చేసే పని కాదు. అది ప్రమాదం, చాలా చోట్ల నేరం కూడా.

చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ళు మొదటిసారి ఇలా చేయండి. ఐదు లీటర్లు పట్టే గాజు జాడీ ఒకటి తీసుకోండి. ఒక కిలో మంచి తేనె. నీళ్ళతో కలిపి మొత్తం నాలుగు లీటర్లు కావాలి. కిలో తేనె కొలతకు ఏడు వందల మిల్లీలీటర్ల పైచిలుకు వస్తుంది కాబట్టి నీళ్ళు మూడు లీటర్ల పైన పడతాయి. జాడీలో పైన ఖాళీ ఉండాలి, నురగ లేస్తుంది. ఈ పాళ్ళలో చక్కెర అంతా పులిస్తే ఆల్కహాలు సుమారు పది నుంచి పన్నెండు శాతం దాకా వస్తుంది. అంటే ద్రాక్ష వైన్‌తో సమానం. తియ్యగా ఉందని మంచినీళ్ళలా తాగేది కాదని గుర్తుపెట్టుకోండి.

తేనెను మరగబెట్టకండి. మరిగితే పూల వాసన పోతుంది, ఆ వాసన కోసమే కదా ఇంత కష్టం. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే తేనె కరుగుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే వడకట్టిన మంచినీళ్ళు వాడండి. వైన్‌కు వాడే ఈస్టు ఐదు గ్రాముల పొట్లాల్లో దొరుకుతుంది. నాలుగు లీటర్లకు సగం పొట్లం చాలు.

ఇక్కడ కొత్తవాళ్ళకు తెలియని విషయం ఒకటుంది. తేనెలో చక్కెర కొల్లలు, నత్రజని మాత్రం దాదాపు లేదు. ద్రాక్షరసంలో ఈస్టుకు కావలసినవి దొరుకుతాయి, తేనెలో దొరకవు. పిల్లాడికి పప్పూ కూరా లేకుండా రోజంతా బెల్లం పెట్టినట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఆకలికి ఈస్టు నీరసించి పని ఆపేస్తుంది, లేదా కుళ్ళిన కోడిగుడ్డు వాసన వదులుతుంది. అందుకని ఈస్టుకు వేసే పోషకం విడిగా అమ్ముతారు. పొట్లం మీద రాసిన కొలతను రెండు మూడు భాగాలు చేసి, మొదటి వారంలో విడతలుగా వేయాలి. కొందరు పది ఎండుద్రాక్షలు వేసి సరిపెడతారు. అవి చాలవు. మీడ్ పాడైందని నిరాశపడి వదిలేసినవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఈస్టును పస్తు పెట్టడమే.

మొదటి రెండు మూడు రోజులు జాడీని రోజుకు రెండుసార్లు మెల్లగా తిప్పండి. ఈస్టు పెరగడానికి మొదట గాలి కావాలి. ఆ తర్వాత గాలి శత్రువు. గాలి తగిలితే వినెగర్ చేసే బాక్టీరియా చేరుతుంది. అయితే లోపల పుట్టే వాయువు బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. దీనికోసం మూతలో ఒక చిన్న గొట్టం అమరుస్తారు, అందులో కాసిని నీళ్ళుంటాయి. ఎయిర్‌లాక్ అంటారు. లోపలి వాయువు ఆ నీళ్ళలోంచి బుడగలుగా పోతుంది. బయటి గాలికి దారి ఉండదు.

ఈ చిన్న గొట్టం విలువ నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఎమామ దగ్గర చూసిన ఉత్సాహంతో ఆ మరుసటి ఏడు నేను సొంతంగా మొదలుపెట్టాను. దుమ్ము పడుతుందన్న భయంతో, ఇంకా పులుస్తున్నదాన్నే గాజు సీసాల్లో పోసి మూతలు గట్టిగా బిగించాను. నాలుగో రాత్రి వంటగదిలో పెద్ద చప్పుడు. వెళ్ళి చూస్తే ఒక సీసా పేలిపోయింది. గాజు ముక్కలు ఎదుటి గోడ దాకా ఎగిరాయి. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు. ఒక పిల్లవాడు మంచినీళ్ళ కోసం వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. మిగిలిన సీసాలకు దుప్పటి కప్పి, ఒక్కొక్క మూతా మెల్లగా వదులు చేశాను. పులవడం పూర్తిగా ఆగిందని తేలేదాకా సీసాకు బిరడా బిగించవద్దు. ఈ ప్రసంగంలో మరేది మరిచిపోయినా ఈ మాట మరవకండి.

ఆగిందని ఎలా తెలుస్తుంది? బుడగలు ఆగినంత మాత్రాన నమ్మలేం. చలికి కూడా ఆగుతాయి. పాలవాళ్ళ దగ్గర లాక్టోమీటరు చూసి ఉంటారు. అలాంటిదే హైడ్రోమీటరు. తేనె నీళ్ళు కలిపిన రోజున అందులో పెడితే, మనం చెప్పుకున్న పాళ్ళకు 1.075 నుంచి 1.080 మధ్య చూపిస్తుంది. చక్కెర తరిగేకొద్దీ అది కిందికి దిగి 1.000 దగ్గరికి, ఇంకా కిందికి కూడా వస్తుంది. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు ఒకే అంకె వస్తే పని అయినట్టు. గది వేడి ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటే దీనికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. ఎండాకాలపు వేడిలో తొందరగా పులుస్తుంది, కానీ గొంతులో మంట పుట్టించే ఘాటు వస్తుంది.

అప్పటికి జాడీ అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. పైన తేట నిలుస్తుంది. సన్నటి పైపుతో, మడ్డి కదలకుండా తేటను మరో శుభ్రమైన జాడీలోకి దించాలి. మజ్జిగ మీద తేట తీసేంత నెమ్మది కావాలి. ఒకటి రెండు నెలలకోసారి ఇలా తేరుస్తూ పోతే, ఒకనాటికి జాడీ అవతల పెట్టిన పుస్తకంలో అక్షరాలు చదవగలిగేంత స్వచ్ఛంగా అవుతుంది.

అయితే రుచి? మొదటి నెలలో చూస్తే నిరాశే. పచ్చిగా, పొగరుగా ఉంటుంది. ఎమామ తెజ్ ఇరవై రోజులకే తాగదగ్గదిగా ఉండేదంటే అందులో తీపి మిగిలి ఉండటం, గెషో చేదు తోడవటం కారణాలు. బాగా పులిసిన మీడ్‌కు ఆరు నెలలైనా కావాలి. పోలండ్‌వాళ్ళను చూడండి. ఒక పాలు తేనెకు సగం పాలు నీళ్ళు కలిపి వాళ్ళు చేసే పూల్తోరక్ అనే మీడ్‌ను కనీసం మూడేళ్ళు నిలవ ఉంచాలని నియమం పెట్టుకున్నారు. ఒకటికి మూడు పాళ్ళ నీళ్ళు పోసే పల్చటి రకానికి కూడా తొమ్మిది నెలలు తప్పవు. తేనె ఎంత ఎక్కువైతే ఎదురుచూపు అంత ఎక్కువ.

నేను తొందరపడి కుండ మూత తీయబోయినప్పుడల్లా ఎమామ ఒక సామెత చెప్పేది. ఇథియోపియాలో పిల్లలకు కూడా వచ్చిన సామెత. 'కెస్ బెకెస్ ఎంకులాల్ బెఎగ్రు యిహెడాల్.' నిదానంగా, నిదానంగా గుడ్డు కూడా తన కాళ్ళ మీద తానే నడుస్తుంది అని. గుడ్డు పగలగొడితే కాళ్ళు రావు. పొదిగితే వస్తాయి.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇదే. మీడ్‌లో మనిషి చేసే పని చాలా తక్కువ. పూల తేనెను పట్టుకు చేర్చింది తేనెటీగ. చక్కెరను మార్చేది ఈస్టు. మన వాటా రెండే పనులు. పాత్ర శుభ్రంగా ఉంచడం, ఆగడం. కొత్తవాళ్ళు తేనె రకాల గురించీ ఈస్టు పేర్ల గురించీ ఎక్కువగా అడుగుతారు. ఎమామ మధ్యాహ్నం దాకా కుండ తోముతూ కూర్చున్నది నాకు అప్పుడు గుర్తొస్తుంది. తేనెకు తగిలే ప్రతి జాడీ, గరిటె, పైపు కడిగి, క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీయండి. ఆవకాయ పెట్టేటప్పుడు మీ ఇంట్లో ఎంత శ్రద్ధ చూశారో అంత శ్రద్ధ చాలు. అది మీకు రాని విద్య కాదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. తేనెతో చేసింది కదా, మందులాంటిదేనని కొందరు ప్రచారం చేస్తారు. నమ్మకండి. పులిసిన తర్వాత అది మద్యమే. కాలేయానికీ మధుమేహానికీ దాని మూలం తేనె అని జాలి ఉండదు. బండి నడిపేవాళ్ళు, గర్భిణులు, మందులు వాడేవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు.

మన రాష్ట్రాల్లో వింటున్న శ్రోతలకు నేను ఎమామ ఇంటి నుంచే ఇంకొకటి తెచ్చి ఇస్తాను. దాని పేరు బిర్జ్. తేనె, మంచినీళ్ళు కలిపి, పులవకముందే తాగే పానీయం. మద్యం ముట్టనివాళ్ళకూ పిల్లలకూ పండగనాడు అదే పోస్తారు. విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ మన కొండల తేనె అమ్ముతోంది. ఒక గ్లాసు చల్లటి నీళ్ళలో రెండు చెంచాల తేనె కలిపి అప్పటికప్పుడు తాగండి. మర్నాటికి ఉంచకండి, ఎందుకో మీకిప్పుడు తెలుసు. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం ఏ రూపంలోనూ తేనె పెట్టకూడదు.

చట్టం ఒప్పుకునే దేశంలో ఉండి, ఈ పని నేర్చుకోవాలని ఉన్నవాళ్ళకు చివరగా నా మనవి. ఒక కిలో తేనెతోనే మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి, ఏ రోజు ఏం చేశారో రాయండి. జాడీ మీద కాగితం అంటించి తేదీ వేయండి. ఆ తేదీకి ఆరు నెలలు కలిపి, అదీ రాయండి. అంతవరకు రుచి చూడాలని తొందరపడకండి.